పట్టు

పెరుంగుడి. రాత్రి పదకొండున్నర.
పేజీ తెరుచుకోడానికి నాలుగు సెకన్లు.
రెప్పపాటులో రావాలంటాడు మేనేజరు,
ఎవరి రెప్పో చెప్పడు.

పొద్దున తొంభై ఎంబీ, ఇప్పుడు తొమ్మిది వందలు.
గ్రాఫు మెట్లెక్కడమే గాని
దిగడం ఎరగదు.

లీకంటారు గానీ
ఇక్కడ కారేదేమీ లేదు.
కింద నీళ్ల లారీ గొట్టం కారుతోంది చూడు,
అది లీకు.
ఇది పట్టిన పట్టు విడవకపోవడం.

స్నాప్‌షాట్ పక్కన స్నాప్‌షాట్ పెట్టి వెతగ్గా వెతగ్గా
దొరికింది:
ఎప్పుడో మూసేసిన చాట్ పెట్టెని
సెకనుకోసారి తట్టి లేపుతున్న టైమరు.
రాసింది పూంగొడి. మార్చిలో మానేసింది.
పైన తన కామెంటు, "తర్వాత తీసేయాలి".

ఒక్క లైను. తీసేశాను.
గీత చదునైంది.

ఆమె గొడుగు మాత్రం
ఇంకా నా డెస్కు కిందే.
వానలొచ్చేదాకా
ఉండనీ.