కుర్చీ ఎత్తు

ఆసుపత్రి నుంచి లావుపాటి కవరు.
పదకొండో పేజీలో ఒక బొమ్మ:
తల లేని మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు,
మోకాలి మడత నుంచి మడమ దాకా బాణం గుర్తు.
కింద, "ఈ కొలత రాయండి."

నలభై రెండేళ్ళు గజాల లెక్కన బతికిన మర్డీనాని,
లూయిస్ దీవిలో నా మగ్గం దాటని గుడ్డ ఏ ఊరు చేరిందో చెప్పగలను.
నా కాలి పొడుగు మాత్రం తెలీదు.

శనివారమే కొలిచేశాం.
ఆదివారం మా ఊళ్ళో ఎవరూ ఏ పనీ చెయ్యరు,
కాగితాలు నింపడం పనా కాదా అన్నది ఇంకా తేలలేదు.

నేను కొలిస్తే నలభై మూడు సెంటీమీటర్లు.
పక్కింటి ఎఫీ కొలిస్తే నలభై నాలుగు.
నాదే రాశాను, కాలు నాది కదా.

మంచం నలభై ఆరు.
మరుగుదొడ్డి నలభై.
సోఫా ముప్పై ఎనిమిది. "మరీ పల్లం" అంది ఎఫీ,
మా పెళ్ళి నాటి సోఫాని మొహమ్మీదే.
టోర్క్విల్ కుర్చీ నలభై ఏడు. అది పనికొస్తుంది.
పదేళ్ళుగా దానిమీద పేర్చిన కండెలు
ఒక్కొక్కటే దించాను.

మీ ఒంట్లో లోహం ఏదైనా ఉందా?
ఎడమ బొటనవేల్లో సూదిముక్క, డెబ్బై తొమ్మిదిలో విరిగింది.
నర్సు ఫోన్ చేసింది. నవ్వలేదు.
"గోటికి ఏ వైపున?" అని అడిగింది.
అప్పుడు నమ్మకం కుదిరింది నాకు.

రోజుకి ఎంత దూరం కదులుతారు?
ఇక్కడ కలం ఆగింది.
మగ్గం తొక్కిన దూరం లెక్కేస్తే
ఈపాటికి ఏ సముద్రం అవతలో తేలాలి.
కూర్చున్న బల్ల మీంచి జానెడు జరగలేదు.
సున్నా అని రాశాను. కొట్టేశాను.
పాక దాకా ముప్పై అడుగులు అని రాశాను.

కాలికి తట్టుకునే చాపలు తీసేయమంటే తీసేశాం.
సాయానికి ఎవరుంటారంటే ఎఫీ పేరు రాశాను,
వయసు అడగలేదు కాబట్టి ఎనభై ఒకటని చెప్పలేదు.
కోలుకునే రోజులకని
పన్నెండు డబ్బాల బార్లీ సూపు కాచి
ఫ్రీజర్లో గడ్డకట్టించాను.

మార్చి తొమ్మిదిని మార్చేశారు.
పడకలు లేవట. చింతిస్తున్నారట.

ఏప్రిల్లో రేవు దాకా వెళ్ళాను సంచీతో.
సంచీలో చెప్పులు, మందుల చీటీ,
ముందు రాత్రి రుద్దుకోమన్న గులాబీ రంగు సబ్బు.
గాలికి ఓడ కదల్లేదు.
అర్ధరాత్రి నుంచి పస్తున్న కడుపుతో
టికెట్ల గది బెంచీ మీద కూర్చున్నాను.
(ముప్పై తొమ్మిది ఉంటుంది. లేవడానికి ఇద్దరు పట్టాల్సొచ్చింది.)

ఆ రాత్రి మొదటి డబ్బా తీసి వేడి చేశాను.
మే నెల వచ్చేసరికి పన్నెండూ అయిపోయాయి.
కోతకి ముందే
కోలుకోవడం మొత్తం తినేశాను.
చాపలు మళ్ళీ పరిచింది ఎఫీ, చలికి తాళలేక.

ఇప్పుడు మళ్ళీ అదే కవరు.
పాత కొలతలకి గడువు తీరిందట.
నలభై రెండున్నర వచ్చింది ఈసారి.
కాలు తగ్గిందా, టేపు సాగిందా,
ఎఫీకీ నాకూ సాయంత్రం దాకా వాదన.

నష్టాలన్నీ చదివి సంతకం చెయ్యమన్నారు.
నెత్తురు గడ్డకట్టవచ్చు, చీము పట్టవచ్చు,
ఒక కాలు మరోదానికన్నా పొడుగు కావచ్చు.
చదివాను, చేశాను.
నేతలో తప్పు పడితే విప్పి మళ్ళీ నేస్తాం,
ఎముకలో ఎలాగో డాక్టరునే అడగాలి.

ఆఖరి పేజీలో ఖాళీ లేకపోతే
అంచున నిలువుగా రాశాను:
మగ్గం బల్ల, యాభై ఒకటి.

"ఇదేమిటి, ఈ కొలత మేం అడగలేదే?"
మళ్ళీ అదే నర్సు.
"మిగతావన్నీ మీరడిగారని కొలిచాను" అన్నాను.

కాసేపు ఫోన్లో ఏ చప్పుడూ లేదు. తర్వాత టకటకా టైపు చేస్తున్న శబ్దం.

పాకలో సగం పడుగు ఇంకా మగ్గం మీదే ఉంది.
ఎఫీ, తాళంచెవి నీ దగ్గరే ఉంచు.
ఒక్క పోగు కూడా ముట్టుకోకు.