ఇంకా తడిగున్నది

పైసలు పెట్టుకోని మరీ వచ్చిందట
రాళ్లు మొయ్యనీకి.
ఖుద్దూస్ మేస్త్రీని మూడుసార్లు అడిగిన,
సరిగ్గ విన్నవా అని.
టికెట్టు ఆమెదే, తిండి ఆమెదే,
కూలి మటుకు లేదు.
గానుగ మోటరు తప్ప
ఆ పొద్దు అందరం నవ్వినం.

హలీనా. పోలండు.
ముప్పై ఏండ్లు ట్రాము నడిపిందట.
ట్రామంటే ఏందో తెల్వక
నేల మీద పోయే మెట్రో అనుకున్న.
అరవై దాటిన మోకాళ్లు
గుమ్మటం మెట్లెక్కుతుంటే
పటుక్కు పటుక్కుమనేది కింద నాకు వినపడేది.

నేను మక్తల్ కెల్లి వచ్చి పదకొండేండ్లు.
లంగర్‌హౌజ్ వెనక రేకుల కొట్టం,
వానొస్తే నీలం పట్టా, పట్టా మీద ఇటుకలు.
ఇక్కడ, గోల్కొండ అవుతల,
ఎన్నడో పోయినాయనకు
వాన తగలకుండ బాగుజేస్తున్నం.
పేరెవ్వరికి తెల్వదు, రాతి మీది అక్షరాలు రాలిపోయినయ్.
ఇంత పెద్ద ఇల్లు, ఒక్క మనిషి, ఆ మనిషీ లేడు
అని నేనంటే
ఖుద్దూస్ మేస్త్రీ నోరు ముయ్యమన్నడు,
జరసేపటికి తనే నవ్విండు.

సున్నం సంగతి ఆమెకు నేనే చెప్పిన.
చేతులతోని. నోటికి మాటలు కలవ్వు గద.
నానబెట్టుడు, వడగట్టుడు,
కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు,
రాయి కింద నలిగి నలిగి
తాపీ మీద వెన్న లెక్క జారేదాక.
సిమెంటైతే రాత్రికి గట్టిపడి ఊకుంటది.
సున్నానికి తొందర లేదు,
గాలి పీల్చుకుంట పీల్చుకుంట
ఏండ్లకు మళ్ల రాయైతది.
అంటే మనం ఆయాసపడి వదిలిన ఊపిరి గూడ
దాంట్లకే పోతది.
ఇది ఎట్ల చెప్పాలె ఆమెకు?
గోడ దగ్గరికి పోయి "హా" అని ఊదిన.
చలికాలం అద్దం మీద ఊదినట్టు
ఆమె గూడ ఊదింది.

గోడ పైఅంచున గచ్చుపూలు, పూవుకు ఎనిమిది రెక్కలు.
ఆమె చేసిన మొదటిది చేతులనే విరిగింది.
"యెష్చె" అన్నది.
రెండోది ఊడి పడ్డది. యెష్చె.
చాయ్ పోస్తుంటే గ్లాసు ముందుకు జరిపి యెష్చె.
ఆరిందా అని సైగ చేస్తే
వేలితో తాకి, తల అడ్డంగ ఊపి, యెష్చె.
అప్పుడు తెలిసింది, అది మా "ఇంకా".
మళ్లొకసారి అన్నా ఇంకానే,
కాలేదు అన్నా ఇంకానే.

ఎందుకొచ్చినవ్ అంటే
ఫోనుల ఒక పాత బొమ్మ చూపింది.
యుద్ధంల కూలిన ఊరు,
ఇటుకలు చేతులు మార్చుకుంటున్న ఆడోళ్ల వరుస,
వరుసల ఒక సన్నపిల్ల.
ఆ పిల్ల మీద వేలు పెట్టి "మామా" అన్నది.
మామ ఎక్కడున్నడని నేను బొమ్మంత దేవులాడిన.
వాళ్ల భాషల అమ్మట.
ఆ వరుసల సగంమందిది ఆ ఊరే కాదట.
ఇంకేం చెప్పలే. తట్ట ఎత్తుకున్నది.

శుక్రారం చివరి పూవు పెట్టింది.
ఎనిమిదో రెక్క సన్నగ, జర పక్కకు తిరిగి ఉన్నది.
గీకెయ్యమంటదేమోనని మేస్త్రీ దిక్కు చూసింది.
"ఉండనీ. పాతయి మటుకు అన్ని సక్కగున్నయా?"
శనారం రాత్రి ఇమానం.

ఆదివారం మాకు పని లేదు.
బట్టలు సగం పిండినంక
ఆ రెక్క యాదికొచ్చింది.
కొత్త సున్నం ఒక్కపారి బిర్రున ఆరితే పగుల్తది,
నీళ్లు చల్లే పిలగాడు రాడు ఇయ్యాల.
ఎండ ఎట్లున్నదో చూసిన.
తడి చేతులతోనే నడిచిన.

"హాజరు లేదు గదమ్మా, కూలెవరిస్తరు?"
గేటు కాడ వాచ్‌మన్.
నేను పైకెక్కి గోనెసంచి లేపి
రెక్క మీద వేలు పెట్టిన.
"యెష్చె" అన్న కిందికి వినపడేటట్టు.

ఏమర్థమైందో ఆయనకు,
బకెట్ నింపుకోని మెట్లెక్కిండు.