గార

ఆ ఆసిడ్ సీసకు మూత పెట్టు నవతా, దూరం జరుపు.
ఇది బండ గాదు, పింగాణి గాదు,
ఆక్రిలిక్ అంటరు. మెత్తటి తోలు దీనిది.
పోయినేడు దసరా ముంగట
ఒక పిల్లగాడు స్టీలు పీచేసి బరబర రుద్దిండు.
ఏలు పెట్టి సూడు, ఈడ, ఈడ.
గీతలు మన కండ్లకు కనవడవు,
మురికికి కనవడ్తయ్.

దేవరకొండ రోడ్డు మీది లాడ్జిల
ఇసొంటి తొట్టి కడుగుతనని నేనెన్నడన్న అనుకున్ననా?
లారీల గడ్డి సుట్టి తెచ్చిన్రు,
నలుగురు మొగోళ్ళు పల్లకి మోసినట్టు మెట్లెక్కిచ్చిన్రు.
మొదటి నాడే సేటు మనుమడు
చెప్పులతోని దుంకిండు దాంట్ల.

ఇగ ఇను.
రాత్రే కుంకుడుకాయలు నానవెయ్యి,
గింజ తీసి పిసికి, బట్టల వడగట్టు.
ఒక్క తుక్క మిగిలినా గీత వడ్తది.
నురగ లేసినంక పాత లుంగి గుడ్డ తీస్కో,
కొత్త గుడ్డకు పని రాదు, సోకులే.
జొన్నరొట్టె సర్సినట్టు గాదు,
పెనం మీది రొట్టెకు తడి చెయ్యి రాసినట్టు
గుండ్రంగ, అల్కగ.

నల్లా కింద తెల్లగ గా చార జూసినవా?
అది మురికి గాదు బిడ్డా, నీళ్ళే.
మన బోరు నీళ్ళు పోతె పోతయ్,
వాటి సున్నం పోదు.
నక్రేకల్ మార్కెట్ల ఏరి పారేసిన నిమ్మకాయలుంటయ్,
పండువారినయ్, మచ్చలయ్,
మా మరిది సంచెడు తెస్తడు.
రసంల గుడ్డ ముంచి చార మీద పర్వు.
పావుగంట. అంతకన్న ఉంచకు, పులుపు పులుపే.
నేనైతె గంతల చాయ తాగొస్త.
గుడ్డ తీసేసరికి సున్నం
పాల మీది మీగడ తీరుగ లేస్తది.
ఇంక మొండికేస్తె చిటికెడు వంటసోడ, తడి ఏలుతోని.
బూడిద వద్దు. ఇటికపొడి అసలే వద్దు.
మీ అవ్వ గిన్నెలు తోమిన తెలివి ఈడ పనికి రాదు.

షవరుకు ముప్పై ఆరు కండ్లు. లెక్కవెట్టిన.
పదకొండు మూస్కపోయినయ్.
పాలకవరు కడిగి, నిమ్మరసంల నీళ్ళు కలిపి వోసి,
దాని మూతికి తొడిగి రబ్బరు బిగియ్యి,
దెబ్బ దాకిన బొటనేలుకు కట్టు కట్టినట్టు.
రాత్రంత యాలాడనియ్యి.
తెల్లారి ఇప్పి తిప్పితె
గోడకు కొట్టే దార సుత సక్కగ కిందికొస్తది.
ఆ సప్పుడు నాకు మస్తు ఇష్టం,
ఎవ్వలకు చెప్పలే.

ఏందట్ల జూస్తున్నవ్, నా పండ్లు జూసా?
మర్రిగూడ దిక్కు పుట్టిన.
బోరింగు నీళ్ళే తాగినం, అవే తియ్యగుండె.
పదో తరగతి ఫోటోల అందరు నవ్విన్రు,
నేను మూతి బిగవట్టి నిలవడ్డ.
నిమ్మకాయ రుద్దిన. సోడ రుద్దిన.
మా అమ్మ బొగ్గు నూరి రుద్దింది.
చిగుర్లు మండినయ్ గని చార కదల్లే.
ఇది పైన వట్టిన గార గాదు.
మోకాళ్ళల్ల సుత గదే ఉన్నదంటడు డాక్టరు,
అందుకే పీటేస్కొని కడుగుత.
పీట అంచు తొట్టికి తాకనియ్యకు మరి.

ఆఖరికి సల్లనీళ్ళు కొట్టు, మసిలేటియి వద్దు.
పొడి గుడ్డతోని తుడువు, రోజు, యాది మరువకుంట.
సుక్క ఆరితె గారైతది.
ఒక్క సుక్క, ఇంకో సుక్క,
ఎవ్వలం జూడకుండనే.

రెండింటికి హైదరాబాదోళ్ళు దిగుతరట.
తెల్ల తువాల మడిచి అంచు మీద పెట్టు.
బల్ల మీద మంచినీళ్ళ సీసలు రెండు,
సీలు జూసి పెట్టు.
ఆగు, ఆ గుడ్డ ఇటియ్యి,
గా మూలకు ఇంకొక్క సుక్క ఉన్నది.