చిలక్కి మంట తెలీదు

తెల్లారి అయిదున్నర. మిర్చి యార్డు గేటు పక్క
టీ గ్లాసుల్లో కూడా ఘాటే.
కాటా గుమస్తా సుభానీ టిక్కీ మీద కూర్చుని
"చిలక్కి మిరపకాయ మంట తెలీదు, ఒట్టు" అన్నాడు.
జోజప్ప ఊరుకుంటాడా?
"అసలీ మిరపే మనది కాదు, ఓడెక్కి వచ్చింది.
మన తాతల తాతలు మిరియాలు నూరుకున్నారు."
ఆక్టోపస్‌కి మూడు గుండెలన్నాన్నేను.
"పాత కబురు!"
టీ డబ్బులు నామీద పడ్డాయి,
అదీ మా రూలు.

తొడిమలు తీసే చుక్కమ్మ,
ఎన్నడూ మాట కలపని మనిషి, గ్లాసు దించి
"నాదీ ఒకటుంది" అంది.
"ముక్కు పోయి పదేళ్లు. ఏ ఘాటూ తెలీదు.
మీరు తుమ్మితే
తోడుగా తుమ్ముతుంటా."

పాతదని ఎవరూ అనలేదు.

అంతలో సుభానీకి తుమ్మొచ్చింది.
ఆపుకోబోయాడు, ఆగలేదు.
అందరం చుక్కమ్మ వైపు చూశాం.