నిన్న రాత్రి ఇక్కడ ఎవరు నిద్రపోయారు?

నా పేరు ట్లాలనే. మా భాషలో ఆకలి అని.
గాదెలు ఊడ్చుకుపోయిన ఏడాది పుట్టాను.
ఈ పది రోజులూ లెసోతో ప్రభుత్వం తరఫున
జనాన్ని లెక్కబెడుతున్నాను.
అరువు గుర్రం ఒకటి, తోకకి రబ్బరున్న పెన్సిలు,
వాన తగలకుండా ప్లాస్టిక్ సంచిలో ముప్పై ఆరు ప్రశ్నలు.

పటంలో మేము
పొరుగుదేశం చొక్కాకి కుట్టిన కాజా.
ఎటు నడిచినా దక్షిణాఫ్రికాయే తగులుతుంది.
సముద్రం లేదు. పల్లమూ లేదు.
మా దేశంలో అన్నిటికన్నా కిందున్న చోటు కూడా
ఇంకొకళ్లకి కొండే.
మా డబ్బు పేరు లోటి, అంటే అదీ కొండే.
ఎన్ని కొండలు వేసుకున్నా
జేబు మటుకు చదునుగానే ఉంటుంది.

మెలితిరిగిన కలబంద దాటాక
గుండ్రటి రాతిగోడ, గడ్డికప్పు.
"ఖోట్సో" అన్నాను గుమ్మం బయటే. శాంతి.
ఆమె మాటేఫో, టేఫో వాళ్లమ్మ.
టేఫో అంటే చెల్లింపు.
ఆ పేరుగల కొడుకు ఎప్పుడో పోయాడు. పేరు ఆమెకే మిగిలింది.

నీళ్లు ఎక్కడినుంచి?
నాలుగు గడులు: కుళాయి, బావి, ఊట, ఇతరం.
గడ్డంతో లోయవైపు చూపించింది.
ఆనకట్ట వెనక నీలంగా, కదలని నీళ్లు.
"అదిగో, దానికింద మా జొన్నచేను.
గట్టుమీద పీచ్ చెట్టుండేది.
ఆ నీళ్లు కొండ కడుపులోంచి సొరంగంలో పోయి
జోహన్నెస్‌బర్గ్‌లో ఎవరి స్నానాలగదిలోనో తేలతాయట.
నాకు ఏడాదికిన్ని మొక్కజొన్న బస్తాలు.
తాగేది ఊట. అరగంట దిగి, గంట ఎక్కాలి.
రాసుకో తల్లీ, ఊట."
రాశాను.
పీచ్ చెట్టుకి గడి లేదు.

ఇంట్లో లేనివారు?
ఈ ప్రశ్న దగ్గర ఎక్కడైనా కాగితం చాలదు.
మగడు వెల్కమ్ బంగారు గనిలో ఇరవై రెండేళ్లు.
గని మూసేశాక
ఒక రేడియో, రెండు దుప్పట్లు, ఛాతీనిండా రాతిపొడి
తెచ్చుకుని వచ్చాడు. ఒక్క చలికాలం దగ్గాడు.
కూతురు మసేరులో, జీన్స్ ఫ్యాక్టరీలో.
నాలుగేళ్లుగా ఎడమజేబు మాత్రమే కుడుతోంది.
"ఒక్క ప్యాంటయినా పూర్తిగా చూడలేదట, పిచ్చిపిల్ల"
మాటేఫో నవ్వింది. ముందుపళ్లు రెండే.
పోయినేడు నుంచి ఆర్డర్లు తగ్గి
ఆ జేబు కూడా వారానికి మూడు రోజులే.
కూతురి పిల్లలు ముగ్గురూ సంకటి కుండ చుట్టూ కూచుని
నా పెన్సిలుకేసే చూస్తున్నారు.

ఆదాయ మార్గం?
కొయ్యకి కట్టిన తెల్లగుడ్డ చూపించింది.
జొన్నకల్లు అమ్మే ఇంటిమీద ఆ జెండా ఎగరాలి.
ఈ వరసలో ఏడిళ్లకుంది.
దూరంనుంచి చూస్తే
ఊరంతా ఎవరికో లొంగిపోయినట్టుంటుంది.
స్వయం ఉపాధి అని రాసి
ఒక డబ్బా కల్లు తాగాను. అది ఎక్కడా రాయలేదు.

ఇంకా పైకి. గుర్రం ఊపిరి పొగలైపోతోంది.
గొర్రెల దొడ్డి పక్కన రాళ్లు పేర్చిన గూడు.
అందులో ఖ్వారాయ్, పదమూడేళ్లన్నాడు,
పదకొండుకి మించవు.
కాళ్లకి ఎవరో పెద్దవాడి గంబూట్లు,
భుజాలమీద మొక్కజొన్న కంకులు నేసిన దుప్పటి.
అతను కాసే ఉన్ని పోర్ట్ ఎలిజబెత్ వేలందాకా పోతుంది.
అతను ఈ కొండ దిగి ఎనిమిది నెలలైంది.

నిన్న రాత్రి ఇక్కడ ఎంతమంది నిద్రపోయారు?

"నూటపద్నాలుగు" తడుముకోకుండా చెప్పాడు.
గొర్రెలు తొంభై. అంగోరా మేకలు ఇరవై ఒకటి. కుక్కలు రెండు.
"మనుషులు, బాబూ. మనుషులు."
కాసేపు వేళ్లవంక చూసుకున్నాడు.
"ఒకటి.
కానీ నేను నిద్రపోలేదక్కా. నక్క వచ్చింది."

పెన్సిలు గాల్లోనే ఆగింది.
మసేరులో శిక్షణ ఇచ్చినవాళ్లు
నక్క సంగతి చెప్పలేదు.
ఒకటి వేశాను. చలికి గీత పడలేదు.
మొన నాలుకతో తడిపి
మళ్లీ వేశాను.