కదిలిన ఫ్రేము

మా ఊరి పేరు ముప్పైమూడు.
ఉరుగ్వే పటంలో ఒలిమార్ నది వెంట వేలు జరిపితే తగులుతుంది.
ఎందుకా పేరని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు.
నేను తాళాలు బాగుచేస్తాను.
సగం ఊరి తాళంచెవులు నా ఆకురాయి కింద పుట్టినవే.

తెల్లవారుజామున మూడున్నర.
డాబా మీద నీళ్ళ ట్యాంకు, ఆరేసి మరిచిన దుప్పటి,
మూడు కాళ్ళ మీద నా కెమెరా.
ఈ దక్షిణాన ధ్రువుడు లేడు,
ఇటువైపు ఆకాశంలో ఆ పీట ఖాళీ.
ఉన్నాయో లేవో తెలియని నాలుగు మసక చుక్కల మధ్య
భూమి ఇరుసు కోసం తడుముకోవాలి,
చీకట్లో తాళంకప్ప కన్నాన్ని వెతికినట్టు.
అదొక్కటీ నాకు చేతనైన పని.

మంచు దిగుతోంది.
లెన్స్ మీద ఒక చుక్క.
తుడిస్తే ఇంకో చుక్క.
పాత మేజోడులో వేడి బియ్యం పోసి
లెన్స్ మెడకు చుట్టాను,
జలుబు చేసిన పిల్లాడికి కాపడం పెట్టినట్టు.
అప్పుడు, నది మీదుగా, తూర్పున
అన్ని చుక్కల్లో ఒక్కదానికే తోక.
నా కంటికది గోడమీద వేలు రాసుకుపోయిన సున్నం.
ఇరవై సెకన్లు రెప్పవేయని కెమెరాకు
ఆకుపచ్చ తల, విరబోసిన జుట్టు.

కానీ ప్రతి ఫ్రేము అడుగునా ఎర్రగా ఏదో కారుతోంది.
ఎదురుగా దార్దో మాంసం కొట్టు.
రాత్రంతా వెలిగే నియాన్ ఎద్దు.

ఆ కొట్టు తాళం చేసింది నేనే.
నకలు చెవి నా గోడమేకుకు ఉంది.
ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా
ఒకరి తలుపు వాళ్ళు అడగకుండా తెరవలేదు.
తెరిచాను.
స్విచ్చి దొరికింది. ఎద్దు ఆరిపోయింది.

"ఎవరది?"

లారీ కోసం ముందే వచ్చి
పెట్టెల మీద కునుకు తీస్తున్నాడు దార్దో.
లేచి నిలబడ్డాడు, చేతిలో కత్తి.
దొంగతనానికి అంతకన్నా మర్యాదైన కారణం తోచలేదు నాకు.
"తోకచుక్క," అన్నాను.

కత్తి కింద పెట్టి, నెత్తుటి ఆప్రాన్‌తోనే
నా వెనక డాబా ఎక్కాడు.
చాలాసేపు చూశాడు.
"ఇంతేనా?"
"ఇంతే."
"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"
"రాదు. లెక్కలో తిరుగుదారి లేదు."
మాతే సొరబుర్ర నా చేతికందించాడు.
చేదు గుటక వేసి చెప్పాను,
దాని తోక ఎప్పుడూ సూర్యుడికి పెడముఖంగానే ఉంటుందని,
వెళ్ళిపోయేటప్పుడు తోకే ముందు నడుస్తుందని.
"లారీ ఎక్కనని మొరాయించే గొడ్డులా," అన్నాడు.
అని, తన మాటకు తనే నవ్వి వెనుదిరగబోతే
మోకాలు ట్రైపాడ్‌కు తగిలింది.

తెల్లారేదాకా ఎద్దును వెలిగించలేదు.

మర్నాడు కొట్టు అరపూట మూసి
ఫ్రేముల్ని ఒకదానిమీద ఒకటి పేర్చాను.
చుక్కల్ని కదలకుండా పట్టుకుంటే
తోకచుక్క అలుక్కుపోతుంది.
తోకచుక్కను పట్టుకుంటే
చుక్కలన్నీ గీతలై జారిపోతాయి.
రెండింటికీ కలిపి పట్టే తాళం లేదు.
విడివిడిగా చేసి అతికించేవాళ్ళున్నారు,
నేనూ అతికించాను. బాగుంది.
ఎవరిదో పెళ్ళిఫోటోలా బాగుంది.

నలభై ఏడోది పనికిరాని ఫ్రేము.
మోకాలు తగిలిన క్షణం.
చుక్క చుక్కకూ ఒకే మెలిక,
ఆకాశం నిండా కొక్కేలు.
మధ్యలో, అందరితో పాటే ఉలిక్కిపడి
తెల్లగా ఒక గీకుడు.
దాన్నే అచ్చు వేయించి దార్దోకిచ్చాను.

ఇప్పుడది పక్కటెముకల ధరల పట్టీ పక్కన వేలాడుతోంది.
కాటా ముల్లు నిలబడేలోగా
ఎవరో ఒకరు అడుగుతారు, అదేమిటని.
"తోకచుక్క," అంటాడు కాగితం పొట్లం మడుస్తూ,
"కదిలించింది నేనే."