తలసరి

రెండు రోజుల సదస్సు, అనంతపురంలో,
మా కాలేజీ సెమినార్ హాల్లో.
ప్రాంతీయ అభివృద్ధి, ఆర్థిక అసమానతలు.
నన్ను రిపోర్టు రాయమన్నారు.
గంటల లెక్కన పాఠాలు చెప్పేదాన్ని,
కాదనడానికి నా దగ్గర గంట లేదు.

మూడో పత్రంలో తెర మీద పదమూడు కడ్డీలు లేచాయి.
పాత జిల్లాలే, లెక్కలు పాతవి గనక.
మాది పొట్టిది.
ముందు వరుస పెద్దల తలలు
సరిగ్గా దాని ఎత్తునే ఉన్నాయి.

గోడకానుకుని నిలబడ్డ అటెండరు పెన్నోబులేసు
వంగి, గుసగుసగా అడిగాడు:
"మేడమ్, మనది యాడుంది?"
"ఆ బట్టతల వెనకాల."
మునివేళ్ల మీద లేచి చూశాడు.
"తలసరి అంటే ఇదేనా" అని
టీ ట్రే ఎత్తుకుని పోయాడు.

నవ్వొచ్చింది. నోట్సులో రాయలేదు.

వర్షాభావం మీద పత్రం ముగిసేసరికి
వేదిక మీద సగం తాగిన సీసాలు పదకొండు.
పెన్నోబులేసు ఒక్కొక్కటే మూత తిప్పి
మూలనున్న క్రోటన్ కుండీకి పోశాడు.
ఒక్క చుక్క గచ్చు మీద పడలేదు.
ఆ రోజు నేను చూసిన నీటి యాజమాన్యం అదొక్కటే.

రెండో రోజు, ప్రశ్నల వేళ
ఎవరూ చెయ్యెత్తలేదు.
రైళ్లున్నాయి అందరికీ.
అప్పుడు లేచింది దస్తగిరమ్మ.
పిలిచిన మనిషి కాదు.
కూతురి టీసీ కోసం వచ్చి, ఆఫీసు తలుపు తీసేదాకా
ఫ్యాను కింద కూర్చుందంతే.

"సారూ, ఇందాక సగటు రైతు అన్నారే,
ఆయప్ప ఎన్ని బోర్లు ఏసినాడు?"
"మంచి ప్రశ్న. రెండు పాయింట్ నాలుగు."
"రెండు సరే. ఆ పాయింట్ నాలుగు ఏంది సార్?"
సారు నవ్వారు. హాలు కూడా నవ్వింది.

ఆమె నవ్వలేదు.
"మా మూడో బోరు నూటెనభై అడుగుల కాడ రాయి తగిలె.
లెక్క అయిపాయె.
రిగ్గు లారీ ఎత్తుకొని ఎల్లిపాయిరి.
అదేనేమో అని."

"ఏ లెక్క అమ్మా?" అన్నారాయన, నిజంగానే అర్థంకాక.
మా పక్క లెక్కంటే డబ్బని
ఆయన లెక్కల్లో లేదు.

చెప్పడానికి నేను సగం లేచాను.
అధ్యక్షులవారు గంట కొట్టారు.
సగంలేచినదాన్ని కూర్చున్నాను.
అది నాకు ఇంకా గుర్తు.

రాత్రి రిపోర్టు టైపు చేశాను.
"ప్రశ్నోత్తరాలు ఆసక్తికరంగా సాగాయి."
కొట్టేశాను. మళ్లీ రాశాను.
సిఫార్సులు పద్నాలుగు వచ్చాయి.
కింద పదిహేను అని అంకె వేసి
పక్కన నూటెనభై అడుగులంత ఖాళీ వదలాలనిపించింది.
రెండు లైన్లు వదిలాను.
అచ్చులో అదీ లేదు, అంకె కూడా లేదు.

ఫ్లెక్సీ మాత్రం పెన్నోబులేసు అడిగి తీసుకున్నాడు,
శెనగ కట్టె వామి మీద కప్పను.
"వానొస్తాదంటావా?"
"రాకుంటే గాలికన్నా ఆగుతాది గదా మేడమ్."

సోమవారం కనబడితే అడిగాను, సరిపోయిందా అని.
పన్నెండడుగులకు ఎనిమిది, మంచి గట్టి గుడ్డే,
ఒక మూల చాల్లేదంట.